దాచడం ఒక ఎత్తు, తిరిగి తేవడం ఒక ఎత్తు

(కంప్యూటరు ప్రోగ్రాముల సమాచారానికి బ్యాకప్, ఇంపోర్ట్ పనిముట్టు తయారుచేసే విధానం)

కంప్యూటరు చెడిపోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. అందులోని ప్రోగ్రాములను మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కాని మూడు సంవత్సరాలపాటు మనం అందులో రాసుకున్న నోట్సు, ప్రయోగశాలలో తీసిన రీడింగులు, సగం పూర్తయిన ప్రాజెక్టు రిపోర్టు మాత్రం ఏ బజారులోనూ దొరకవు. మనలో చాలామందికి ఉన్నది ఒకే ఒక ల్యాప్‌టాప్. దాన్నే ఇంట్లో తమ్ముడో చెల్లెలో కూడా వాడుకుంటారు. కాబట్టి ఈ విషయం కంప్యూటరు సైన్సు విద్యార్థులకు మాత్రమే సంబంధించింది కాదు.

ప్రోగ్రాములోని సమాచారానికి ఒక నకలు తీసి వేరేచోట భద్రపరచడాన్ని బ్యాకప్ అంటాం. బయటనున్న సమాచారాన్ని ప్రోగ్రాములోకి తెచ్చుకోవడాన్ని ఇంపోర్ట్ అంటాం. ఈ రెండు పనులూ చేసే పనిముట్టును ఎలా తయారుచెయ్యాలో, అందులో ఎక్కడెక్కడ చిక్కులుంటాయో ఈ వ్యాసంలో ముచ్చటిద్దాం. ముందుగా చెప్పవలసిన ముఖ్య విషయం ఒక్కటే. ఇటువంటి పనిముట్టు గురించిన ఆలోచన దాచే వైపు నుండి కాక, తిరిగి తెచ్చే వైపు నుండి మొదలవ్వాలి. మిగిలిన సూత్రాలన్నీ దీనిలోంచి పుట్టేవే.

1. సమాచారం ఎక్కడుంటుంది?

మనం టైపు చేసుకున్న ఫైలు మన కళ్ళెదుటే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవడం అందరికీ తెలుసు. అయితే చాలా ప్రోగ్రాములు తమ సమాచారాన్ని మామూలుగా కనబడని చోట దాచుకుంటాయి. విండోస్‌లో యాప్‌డేటా అనే ఫోల్డరు, మాక్‌లో లైబ్రరీ అనే ఫోల్డరు, లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లుగల ఫోల్డర్లు ఇందుకోసమే ఉన్నాయి. "డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ కాపీ చేసేశాను, ఇంకేం భయంలేదు" అనుకునేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునే తీసుకోండి. మనం గుర్తుపెట్టుకున్న చిరునామాలు, చూసిన పేజీల చరిత్ర 'ప్లేసెస్' అనే ఒక డేటాబేసు ఫైలులో ఉంటాయి. పాస్‌వర్డులు 'లాగిన్స్' అనే మరో ఫైలులో ఉంటాయి. కాని అవి తాళం వేసిన రూపంలో ఉంటాయి. ఆ తాళంచెవి 'కీ4' అనే మూడో ఫైలులో ఉంటుంది. లాగిన్స్ ఫైలును మాత్రం కాపీ చేసి కీ4ను వదిలేస్తే అంతే సంగతులు. పెట్టె వచ్చింది, తాళంచెవి రాలేదు. అలాగని రెండింటినీ కలిపి పెన్‌డ్రైవులో పెట్టుకుని ఎక్కడో పారేసుకుంటే, ప్రధాన పాస్‌వర్డు పెట్టుకోనివారి పాస్‌వర్డులన్నీ దొరికినవాడి చేతిలో పడతాయి.

కాబట్టి పనిముట్టు తయారుచేసేవాడు మొట్టమొదట సమాచారాన్ని నాలుగు రకాలుగా విడదీసుకోవాలి.

ఒకటి: మనిషి తన చేత్తో తయారుచేసింది. ఇది పోతే తిరిగి రాదు. దీన్ని తప్పనిసరిగా తీసుకోవాలి.

రెండు: అమరికలు. అనగా అక్షరాల సైజు, కిటికీల కొలత, ఫోల్డర్ల దారి వగైరా. ఇందులో కొన్ని ఆ కంప్యూటరుకే చెందినవి. ఇంకో కంప్యూటరుకు తెస్తే అడ్డం పడతాయి కూడా.

మూడు: వేరేదాన్నుంచి మళ్ళీ పుట్టించుకోగలిగింది. క్యాష్, సూచికల వంటివి. వీటిని తీసుకోనక్కరలేదు. తీసుకుంటే మూట బరువెక్కడం తప్ప లాభం లేదు.

నాలుగు: రహస్యాలు. వాడేవారు అడిగితేనే, అదీ పాస్‌వర్డుతో తాళం వేసే తీసుకోవాలి.

ఈ నాలుగింటిలో ఏవేవి కావాలో వాడేవారు ఎంచుకోగలగడమే వెసులుబాటుకు మొదటి మెట్టు.

2. ప్రోగ్రాము నడుస్తుండగా నకలు తీయవచ్చా?

ఈనాటి డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో చాలా వాటి అడుగున ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు ఉంటుంది. రిచర్డ్ హిప్ తయారుచేసిన ఈ డేటాబేసు 2000లో విడుదలైంది. సర్వరు అక్కరలేకుండా సమాచారమంతా ఒకే ఫైలులో ఇమిడిపోవడం దీని సుగుణం. ఆ సుగుణమే మనల్ని తికమక పెడుతుంది కూడా. ఒకే ఫైలు కదా, కాపీ కొట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది.

కొట్లో గుమాస్తా చిట్టా రాస్తుండగా ఆ పేజీని ఫోటో తీశామనుకోండి. ఒకరి ఖాతాలో 500 తీసివేత పడింది, రెండోవారి ఖాతాలో జమ ఇంకా పడలేదు. ఆ ఫోటోలో లెక్క ఎప్పటికీ కుదరదు. నడుస్తున్న డేటాబేసు ఫైలును మామూలుగా కాపీ చేస్తే సరిగ్గా ఇదే జరగవచ్చు. పైగా 2010 నుండి ఎస్‌క్యూలైట్‌లో ఉన్న ఒక పద్ధతి ప్రకారం కొత్త మార్పులు ముందుగా పక్కనున్న ఇంకో ఫైలులోకి వెళ్ళి, తరువాత అసలు ఫైలులోకి చేరతాయి. ఆ పక్క ఫైలును వదిలేస్తే చివరగా రాసినవి మన నకలులో ఉండవు.

దీనికి మార్గాలు లేకపోలేదు. ప్రోగ్రామును మూసి కాపీ తీయడం ఒకటి. ఎస్‌క్యూలైటే సమకూర్చిన బ్యాకప్ సదుపాయాన్ని వాడడం రెండోది. 2019 నుండి 'వాక్యూమ్ ఇన్‌టు' అనే ఆదేశం కూడా ఉంది. నడుస్తున్న డేటాబేసు నుంచే, లెక్క కుదిరిన ఒక క్షణానికి సరిపడే నకలును ఇది వేరే ఫైలులో రాసిపెడుతుంది. తీసిన తరువాత 'ఇంటెగ్రిటీ చెక్' అనే ఆదేశంతో ఆ నకలును పరీక్షించుకోవచ్చు.

3. మూట, దాని వేబిల్లు

తీసుకున్న ఫైళ్ళన్నిటినీ ఒక మూటగా కట్టాలి. ఇందుకు జిప్ రూపం చాలు. ఫిల్ కాట్జ్ 1989లో తెచ్చిన ఈ రూపాన్ని విప్పలేని కంప్యూటరు ఈనాడు లేదనే చెప్పవచ్చు. మన వర్డ్ ఫైళ్ళు, లిబ్రె ఆఫీసు ఫైళ్ళు కూడా లోపల జిప్ మూటలే.

అయితే మూట ఒక్కటీ చాలదు. మార్కెట్ యార్డుకు వెళ్ళే లారీలో బస్తాలతోపాటు వేబిల్లు ఉంటుంది. ఎన్ని బస్తాలు, ఎంత బరువు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది అందులో ఉంటుంది. బస్తాలు విప్పకుండానే సరుకేమిటో తెలుస్తుంది, దారిలో ఒకటి తగ్గితే పట్టుబడుతుంది. మన మూటలో కూడా అటువంటి చిన్న ఫైలు ఒకటి ఉండాలి. అందులో ఈ క్రింది వివరాలు రాయాలి:

ఏ ప్రోగ్రాము, ఏ వెర్షను, మూట ఏ రూపంలో ఉంది;

తీసిన తేదీ, సమయం;

ఒక్కొక్క ఫైలు పేరు, సైజు;

ఒక్కొక్క ఫైలుకు షా-256 సంఖ్య;

ఎన్ని రికార్డులున్నాయి, ఏ రకాలు వదిలేశాం.

షా-256 అనేది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలు ఎంత పెద్దదైనా దాన్నుంచి 64 అంకెల, అక్షరాల వరుస ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ వరుస పూర్తిగా వేరైపోతుంది. తిరిగి తెచ్చేటప్పుడు మళ్ళీ లెక్కకట్టి పోల్చి చూస్తే, మధ్యలో ఏదైనా పాడైందో లేదో తెలిసిపోతుంది.

ఈ వేబిల్లును మనిషి చదవగలిగే మామూలు అక్షరాల్లోనే రాయాలి. పదేళ్ళ తరువాత మన పనిముట్టు లేకపోయినా, మూట విప్పినవారికి లోపలేముందో అర్థం కావాలి.

4. పునరుద్ధరణ వేరు, ఇంపోర్ట్ వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. పునరుద్ధరణ అంటే ఇప్పుడున్నదాన్ని పక్కనపెట్టి, పాతదాన్ని యథాతథంగా నిలబెట్టడం. ఇంపోర్ట్ అంటే ఇప్పుడున్నదానికి కొత్తదాన్ని కలపడం. ఒకటి చెయ్యబోయి ఇంకొకటి చేస్తే నష్టం వస్తుంది.

ఆంకీ అనే ప్రోగ్రాము ఇందుకు మంచి ఉదాహరణ. డేమియన్ ఎల్మ్స్ 2006లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామును ప్రశ్నలు ఒకవైపు, జవాబులు ఒకవైపు ఉండే కార్డులతో పాఠాలు గుర్తుంచుకోవడానికి ప్రపంచమంతటా విద్యార్థులు వాడుతున్నారు. ఇందులో రెండు రకాల మూటలున్నాయి. మొదటిది మొత్తం సంకలనం మూట. దాన్ని లోపలికి తెస్తే అప్పటిదాకా ఉన్న కార్డులన్నీ పోయి, మూటలోనివి వాటి స్థానంలో నిలుస్తాయి. రెండోది కార్డుల కట్ట మూట. దాన్ని తెస్తే మన కార్డులు మనకుండగా, స్నేహితుడి కార్డులు వచ్చి చేరతాయి. రెండూ జిప్ మూటలే, రెండింటి లోపలా ఉన్నది ఎస్‌క్యూలైటే. తేడా అంతా ఉద్దేశంలోనే ఉంది.

కలిపేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. స్నేహితుడు పోయిన నెల ఇచ్చిన కార్డులను దిద్ది, మళ్ళీ ఇచ్చాడనుకోండి. ప్రతిదీ రెండేసి రాకూడదు. ఇందుకోసం ఆంకీ ప్రతి నోటుకూ పుట్టినప్పుడే ఒక గుర్తును ఇస్తుంది. అది ఏ కంప్యూటరుకు పోయినా మారదు. అదే గుర్తున్న నోటు మళ్ళీ వస్తే కొత్తది చేర్చకుండా, ఏది తాజాదో చూసి సరిచేస్తుంది. మన ఇంటి పేర్లు, ముఖాలు ఒకేలా ఉన్నా హాల్‌టికెట్టు నంబర్లు వేరుగా ఉన్నట్టే ఇది. రికార్డుకు శాశ్వతమైన గుర్తు లేని ప్రోగ్రాముకు మంచి ఇంపోర్ట్ రాయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఈ పని మొదటి రోజునే చెయ్యాలి.

ఆంకీ నుంచి నేర్చుకోవలసిన మరో సంగతి ఉంది. అది తనంతట తాను తీసుకునే బ్యాకప్‌లలో బొమ్మలు, ధ్వనులు ఉండవు. ఆ విషయం దాని సూచనల పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. ఏది తీశామో చెప్పడం ఎంత ముఖ్యమో, ఏది తియ్యలేదో చెప్పడం అంతకన్నా ముఖ్యం.

ఇక ఇంపోర్ట్ చేసే క్రమం ఇలా ఉండాలి. ముందు వేబిల్లు చదవాలి. వేలిముద్రలు పోల్చాలి. మూటలోని ఫైళ్ళ పేర్లు మన ఫోల్డరు దాటి బయటకు పోయేలా ఉంటే తిరస్కరించాలి. ఎందుకంటే అటువంటి పేర్లతో ఇతర ఫైళ్ళను చెరిపే దొంగ మూటలూ ఉంటాయి. తరువాత "ఇన్ని కొత్తవి, ఇన్ని మారేవి, ఇన్ని పేచీ ఉన్నవి" అని లెక్క చూపించి, సరేనంటేనే ముందుకు పోవాలి. ఉన్నదానికి ముందుగా ఒక నకలు తీసిపెట్టాలి. ఆ తరువాత మార్పులన్నీ ఒకే లావాదేవీగా జరగాలి. అయితే మొత్తం జరగాలి, లేకపోతే ఏమీ జరగకూడదు. మధ్యలో కరెంటు పోతే సగం కలిసి సగం కలవని డేటాబేసు మిగలకూడదు.

5. కంటికి ఒకటి, యంత్రానికి రెండు

గుర్తులు లేని పాత సమాచారాన్ని తెచ్చేటప్పుడు పేర్లను బట్టి పోల్చక తప్పదు. అక్కడ మన తెలుగుకే సంబంధించిన ఒక విచిత్రముంది. "కై" అనే అక్షరాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. క తరువాత ఐత్వం గుర్తును పెట్టడం ఒక విధం. క తరువాత ఎత్వాన్ని, దాని తరువాత క్రిందనుండే ఐత్వపు తోకను విడివిడిగా పెట్టడం రెండో విధం. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. యంత్రం మాత్రం రెండూ వేరంటుంది. ఫలితంగా "కైలాసం" అనే పేరు జాబితాలో రెండుసార్లు వస్తుంది. దీనికి విరుగుడుగా పోల్చేముందు రెండింటినీ ఒకే రూపంలోకి మార్చే నార్మలైజేషన్ అనే పద్ధతి యూనికోడ్ ప్రమాణంలోనే ఉంది. పేర్ల చివర మిగిలే ఖాళీలను కూడా అప్పుడే తీసివేయాలి.

ఇంకా పాత సమాచారమైతే చిక్కు వేరేగా ఉంటుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, మన ముద్రణాలయాల్లో చాలాకాలం అను వంటి ఫాంట్లతోనే కంపోజింగు జరిగింది. ఆ ఫైళ్ళ లోపల ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాల సంఖ్యలు కావు. వేరే అక్షరాల సంఖ్యలకు తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఆ ఫైలును భద్రంగా కాపీ చేస్తే బైట్లన్నీ క్షేమంగానే వస్తాయి. ఫాంటు లేకపోతే అర్థం మాత్రం రాదు. కాబట్టి అటువంటి ఫైలుకు బ్యాకప్ తీసేటప్పుడు ఫాంటు పేరు వేబిల్లులో ఉండాలి. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టిక ఉండాలి.

పట్టికల రూపంలో వచ్చే సమాచారంలోనూ జాగ్రత్త అవసరం. 03/04/2024 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. 0456 అనే నంబరును స్ప్రెడ్‌షీటు 456 చేసేస్తుంది. జీవశాస్త్రంలో ఇది ఎంతదాకా పోయిందంటే, మార్చ్1, సెప్ట్1 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ ఉండడంతో, చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే సంఘమే మార్చ్1ను మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్1ను సెప్టిన్1గా మార్చవలసి వచ్చింది. ఇంపోర్ట్ పనిముట్టు ఊహించి దిద్దకూడదని దీన్నిబట్టి తెలుస్తోంది. అనుమానం వస్తే అడగాలి, వచ్చింది వచ్చినట్టే ఒక నకలు ఉంచాలి.

6. మధ్య రూపం

పనిముట్టు ఒకే ప్రోగ్రాముకు కాక అనేక ప్రోగ్రాములకు పనికిరావాలంటే ఎలా? ఐదు ప్రోగ్రాములున్నాయనుకుందాం. ప్రతిదాన్నుంచీ మిగిలిన నాలుగింటికీ సూటిగా మార్పిడి రాయాలంటే 5 × 4 = 20 మార్పిడులు కావాలి. పది ప్రోగ్రాములైతే 90. అలాకాక, ఒక మధ్య రూపాన్ని నిర్ణయించి, ప్రతి ప్రోగ్రాము నుండి దానిలోకి ఒకటి, దానినుండి ప్రోగ్రాములోకి ఒకటి రాస్తే ఐదింటికి 10, పదింటికి 20 చాలు. కొత్త ప్రోగ్రాము వస్తే ఇంకో రెండు చేరుస్తాం.

మధ్య రూపం సాదాగా ఉంటే ఎంతకాలం బతుకుతుందో చూడండి. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజరుకు 2008లో మద్దతు ఆగిపోయింది. కాని చిరునామాలను భద్రపరచడానికి అది వాడిన ఫైలు రూపాన్ని క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఈనాటికీ రాస్తున్నాయి, చదువుతున్నాయి. మొదటి పంక్తిలో నెట్‌స్కేప్ పేరు కూడా అలాగే ఉంటుంది. ప్రోగ్రాము పోయింది, రూపం మిగిలింది.

ఇందులో ఒక హెచ్చరిక ఉంది. మధ్య రూపంలో చోటులేని వివరాలు దారిలో రాలిపోతాయి. అందుచేత అర్థంకాని వివరాలను పారెయ్యకుండా "ఇతరాలు" అనే అరలో యథాతథంగా ఉంచాలి. ఈరోజు మనకు అర్థంకానిది రేపటి వెర్షనుకు అర్థం కావచ్చు.

వెర్షన్ల సంగతీ అంతే. పాత మూట వస్తే దాన్ని ఒక్కసారిగా మార్చకుండా 1 నుండి 2కు, 2 నుండి 3కు మెట్లు ఎక్కించాలి. మనకన్నా కొత్త వెర్షను మూట వస్తే ఊహించి చదవకూడదు. "ఇది నాకన్నా కొత్తది, ముందు నన్ను మార్చండి" అని మర్యాదగా ఆగిపోవాలి.

7. మొలక పరీక్ష

ఇంత చేసినా ఇంకో పని మిగిలి ఉంది. అది చెయ్యకపోతే పైవన్నీ వృథా.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వరు అనుకుని మరో సర్వరు మీద డేటాబేసు ఫోల్డరును చెరిపివేశాడు. ఆ సంస్థలో బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. తీరా చూస్తే వాటిలో ఏదీ అక్కరకు రాలేదు. రోజూ నకలు తీయవలసిన పనిముట్టు 9.2 వెర్షనుది, డేటాబేసు 9.6 వెర్షనుది. పొసగక అది ప్రతిసారీ ఆగిపోతూనే ఉంది. ఆ సంగతి తెలియజేసే ఈమెయిళ్ళు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో చేరినవి పోయాయి. కనీసం 5000 ప్రాజెక్టులు, 5000 వ్యాఖ్యలు, సుమారు 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయి. ఆ సంస్థ ఇదంతా దాచుకోకుండా ప్రపంచానికి వివరంగా చెప్పడం మెచ్చుకోదగ్గ విషయం.

ఇక్కడ లోపం దాచడంలో లేదా అంటే ఉంది. కాని అది బయటపడకపోవడానికి కారణం, తిరిగి తెచ్చి చూడకపోవడమే.

మా రైతు కుటుంబాలలో విత్తనం విషయంలో ఈ సంగతి అందరికీ తెలుసు. గాదెలో బస్తా ఉన్నంతమాత్రాన విత్తనం ఉన్నట్టు కాదు. పైకి గింజ నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల జీవం ఉందో లేదో కంటికి తెలియదు. అందుకే నారు పొయ్యడానికి ముందు 100 గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూస్తారు. వరిలో ధ్రువీకరించిన విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలని నియమం. పొలంలో చల్లాక తెలిస్తే అదను దాటిపోతుంది.

బ్యాకప్‌కు కూడా మొలక పరీక్ష కావాలి. ఖాళీగా ఉన్న ఇంకో కంప్యూటరులోనో, అదే కంప్యూటరులో వేరే ఫోల్డరులోనో మూటను విప్పి, ప్రోగ్రామును దానిమీద నడిపించాలి. రికార్డుల లెక్క వేబిల్లుతో సరిపోయిందా? నాలుగైదు రికార్డులు తెరిచి చూస్తే తెలుగు తెలుగుగానే ఉందా? బొమ్మలు వచ్చాయా? తేదీలు తారుమారు కాలేదు కదా? బాగా తయారైన పనిముట్టు ఈ పరీక్షను తనంతట తానే చేసి, "ఫలానా తేదీన పరీక్షించాను, 1240కి 1240 వచ్చాయి" అని వేబిల్లు చివర రాసిపెట్టాలి. ఇక్కడ 80 శాతం చాలదు. అన్నీ మొలవాలి.

8. మనం చెయ్యగలిగింది

ఇదంతా పెద్ద సంస్థలు చేసే పనిలే అని వదిలెయ్యనక్కరలేదు. పైథాన్ భాషలో జిప్ కట్టడానికి, షా-256 లెక్కకట్టడానికి, ఎస్‌క్యూలైట్‌తో మాట్లాడడానికి, అక్షరాలను ఒకే రూపంలోకి తేవడానికి కావలసినవన్నీ భాషతోపాటే వస్తాయి, ఉచితంగా. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఇటువంటి పనిముట్టును తయారుచెయ్యవచ్చు. ముందు ఒకే ప్రోగ్రాముకు, ఒకే రకం సమాచారానికి చెయ్యండి. బ్యాకప్ కన్నా ముందు పునరుద్ధరణ రాయండి. అది సరిగ్గా నడిచాక కలపడం, ఆ తరువాత మధ్య రూపం చేర్చండి.

ప్రోగ్రాము రాయడం రానివారు కూడా ఈ సెలవుల్లో ఒక పని చెయ్యవచ్చు. తాము వాడే ప్రోగ్రాముల్లో తిరిగి రానిది ఏమిటో కాగితం మీద రాసుకోవడం, దానికి రెండు నకళ్ళు తీసి ఒకటి ఇంటి బయట ఉంచడం, ఒక నకలును తెరిచి చూసుకోవడం. మన విభాగాల్లోని పాత కంప్యూటర్లలో సీనియర్లు ఏళ్ళ తరబడి తీసిన రీడింగులున్నాయి. వారు వెళ్ళిపోయారు, ఆ రీడింగులు మళ్ళీ తీయడానికి ఆ రోజులు తిరిగి రావు. అవి మన తరువాత వచ్చేవారికి చదవగలిగే రూపంలో అందుతాయా లేదా అన్నది ఇప్పుడు మన చేతుల్లో ఉంది. అధ్యాపకులు అనుమతిస్తే ఆ పనికి పూనుకోవలసిన బాధ్యత విద్యార్థులమైన మనదే.